మొఖం గీత లోపల పెట్టండి

జీతం పడ్డ రాత్రి
సల్మాబాద్ క్యాంపుల నా మంచమే బ్యాంకు.
గోడకు ఆనుకొని కూసుంటే
ఒక్కొక్కటే ఫోన్లు ఒళ్ళె పడతయి:
అద్దం పగిలినవి, రబ్బరు బ్యాండు చుట్టినవి,
సిమెంటు దుమ్ముకు గొంతు పోయినవి.

పదో తరగతి తప్పినోణ్ణి.
అయినా ఇంగ్లీషు కూడబలుక్కుంట గనుక
ఈ రూముకు నేనే మేనేజర్ను, నేనే క్యాషియర్ను,
పైసలు ఆలస్యమైతే తిట్లు తినే కిటికీని గూడ.

పిన్ను ఎవరికీ చెప్పొద్దని
తెర మీద ఎర్రగ రాసుంటది.
చదివి చెప్త.
సరే అని తలూపి
పిన్ను చెప్తరు.

అట్ల తొమ్మిదిమంది గుట్టు నా నోట్ల ఉన్నది.
భూమన్నది పెద్దబిడ్డ పుట్టిన ఏడు.
సూరిబాబుది అమ్మేసిన గేదె చెవి బిళ్ళ మీద
ఆఖరి నాలుగంకెలు.
మహబూబ్ బాషాది రెండువేల పదిహేను.
ఏందిరా అంటే
'అప్పు మొదలైన సంవత్సరం లే అన్నా, యాడ మర్చిపోతా' అన్నడు.
నర్సాగౌడు నాలుగు సున్నలు పెట్టుమన్నడు.
మిషను ఒప్పుకోలే.
ఉన్నదే అది గదా అని అలిగిండు.

మొన్న యాపు మారింది.
పిన్ను సాలదంట. మొఖం చూపియ్యాల్నంట.
గుండ్రటి గీత లోపల మొఖం పెట్టి
రెండు కండ్లూ ఆర్పాల్నంట.

రాజమల్లు కుడి కన్ను
వెల్డింగు రవ్వ తిని ఏడేండ్లు.
ఆ రెప్ప సగంల ఆగింది,
మూయదు, తెరువదు.
కార్డు మీది ఫోటోల మాత్రం
రెండు కండ్లూ నిండుగ, నెత్తికి నూనె రాసి.
యాపు ఆ పిలగాణ్ణే తెమ్మంటున్నది.

గోడకు తెల్ల లుంగీ కట్టినం.
సూరిబాబు టార్చి పట్టిండు.
దగ్గరికి రమ్మన్నది, దూరం జరగమన్నది,
నవ్వొద్దన్నది.
రాజమల్లు ఎన్నడు నవ్విండని.
మూడుసార్లకు తాళం పడ్డది:
ఇరవైనాలుగు గంటలు.

హెల్ప్‌లైన్‌కు కొడితే
పావుగంట సంగీతం.
నేను మాట్లాడబోతే ఆ పిల్ల హిందీల ఆపింది:
ఖాతా ఎవరిదో వాళ్ళే మాట్లాడాలె.
ఫోను రాజమల్లు చెవికి పెట్టిన.
తల్లి పేరు అడిగింది.
'అవ్వ' అన్నడు.
పేరు, పేరు, అన్నది.
పుట్టింట్ల ఎర్రక్క అన్నడు.
కలువలే.
అత్తగారింట్ల పోసవ్వ.
కలువలే.
రేషన్ కార్డుల పోశమ్మ అని ఉండె.
ఉహుఁ.
పాస్‌పోర్టుల ఏజెంటు ఏం రాసిండో.
అది చూద్దామంటే
కంపెనీ బీరువాల ఉన్నది, తాళంచెవి మేనేజరు జేబుల.

ఆఖరుకు అడిగిండ్రు,
మా సేవ ఎట్లున్నదో ఒకటి నుంచి ఐదు దాక నొక్కుమని.
ఐదు నొక్కిండు రాజమల్లు.
పిల్ల గొంతు మంచిగున్నదన్నడు.

నలభై దినార్లు నోట్లే నా చేతుల పెట్టిండు.
నా ఖాతాల ఏసుకొని
నా పేరు మీద లసుమక్కకు పంపిన.
మంచిపనే అనుకున్న.

పది నిమిషాల్ల ఆమె ఫోను.
మాట లేదు, ఎగపోత ఒక్కటే.
అప్పుడు ఎలిగింది నాకు.
వాళ్ళ ఊళ్ళె
మొగని పైసలు పరాయోని పేరు మీద వచ్చినయంటే
రూమోళ్ళు తలా ఇంత ఏసి పంపినట్టు.
పెట్టె రావటానికి వారం ముందు వచ్చేవి అవ్వే.

'నేనేనే' అన్నడు రాజమల్లు.
నమ్మలే.
ఎవలు, గొంతు మార్చి మాట్లాడుతున్నరు అన్నది.
వీడియో పెడదామంటే అక్కడ సిగ్నల్ లేదు.
'ఏదీ, ఒకసారి దగ్గు.'

దగ్గిండు.
సిమెంటు నిండిన దగ్గు, నడుమ ఇరిగి
మల్ల లేచే దగ్గు.

'ఆఁ' అన్నది.
పైసలు ముట్టినయి, ఉంట మరి, అన్నది.

రాజమల్లు తన ఫోను తుడిచి నాకిచ్చిండు.
రేపు రాత్రి ఎనిమిదింటికి తాళం తెరుస్తదట గదా,
యాదికి చెయ్యి, అన్నడు.
లుంగీ గోడ మీద అట్లనే ఉన్నది.
విప్పలే.